సెప్టెంబరు గోధుమ

ఒక్క వాక్యం దగ్గర మొదలుపెడతాను. రాసింది నేనే.

"సెప్టెంబరు నెలలో గోధుమ కోత ఉండదు, కనుక దరఖాస్తుదారుడు చెప్పిన ప్రధాన సంఘటన నమ్మదగినది కాదు."

అంతే. కింద నా సంతకం, దాని పక్కన ప్రభుత్వ ముద్ర. ఈ కాగితం చేతికందిన మనిషిని ముప్పై రోజుల తర్వాత బస్సెక్కించి, ఆపైన విమానమెక్కించి, అతని తమ్ముణ్ణి కాల్చినవాళ్ళ మధ్య దింపవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. నేను రాసిన ఆ వాక్యం తప్పు. ఎలా తప్పో, దాన్ని తప్పని చెప్పడానికి ఏమైందో, అదే చెప్తాను. అలంకారాలు నాకు రావు. వచ్చినా ఇక్కడ పెట్టను.

నా పేరు మేలిహా. "నన్ను వెనక్కి పంపితే చంపేస్తారు" అంటూ సరిహద్దు దాటి వచ్చినవాళ్ళ మాట నిజమో అబద్ధమో తేల్చి రాయడం నా ఉద్యోగం. సొంతూరు దక్షిణాన, సముద్రం పక్కనున్న చుకురోవ మైదానం. కొత్తగా చేరినవాళ్ళు మూడేళ్ళు తూర్పున పనిచేసి తీరాలి, అది రూలు. అలా ఈ ఎగువ తూర్పు ఊరికొచ్చాను. అక్టోబరులో పడిన మంచు ఏప్రిల్ దాకా కరగదు. ఆఫీసూ క్వార్టర్సూ ఒకే వీధిలో ఉన్నాయి. నడిస్తే రెండొందల అడుగులు. రెండేళ్ళపాటు ఆ రెండొందల అడుగులే నాకు ఊరు.

ఎందుకంటే నాతో ఎవరూ మాట్లాడరు. ఫైలున్న మనిషితో టీ తాగకూడదని మాకు రూలు. ఈ ఊళ్ళో సగం మంది ఆ మనుషులకి ఇళ్ళు అద్దెకిచ్చినవాళ్ళు, పనిలో పెట్టుకున్నవాళ్ళు. మిగతా సగం వాళ్ళ చుట్టాలు. రొట్టెల కొట్లోకి నేను అడుగుపెడితే ఆడవాళ్ళ మాటలు ఆగిపోతాయి. నేను బయటికొచ్చాక మళ్ళీ మొదలవుతాయి, తలుపు సందులోంచి వినిపిస్తాయి. వాళ్ళు నాకు పెట్టిన పేరు "కాగితమ్మ". ప్రభుత్వోద్యోగులంతా తినే టీచర్ల భోజనశాలలో వడ్డించేవాడు నన్నేమీ అడగడు. చూడగానే కందిపప్పు సూపు, అర రొట్టె తెచ్చి పెట్టి, నా బల్ల దగ్గరి మిగతా మూడు కుర్చీలూ ఎత్తి వేరే బల్లకి వేస్తాడు. వాటితో నాకు పనేముందని అతని ఉద్దేశం. నిజంగానే పనిలేదు.

ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడకుండా గడిచిపోయేది. సోమవారం విచారణ గదిలో మొదటి ప్రశ్న అడగబోతే గొంతు బొంగురుపోయేది. అందుకని లోపలికెళ్ళేముందు ఖాళీ గదిలో నిలబడి, "మీరు నిజమే చెప్పవలెను" అనే పాఠాన్ని పైకి రెండుసార్లు చదువుకునేదాన్ని. గొంతు సాపు చేసుకోవడానికి.

సఖీదాద్ నా ముందు కూర్చున్నది ఫిబ్రవరిలో, ఒక సోమవారం. బామియాన్ కొండల పైనుంచి వచ్చిన హజారా తెగ మనిషి. నలభై ఉంటాయి. అరచేతులు పలకల్లా ఉన్నాయి. మా ఇద్దరి మధ్య దుబాసీ అతావుల్లా. అతనిదీ సఖీదాద్ దేశమే, ఉత్తరపు మైదానం. తుర్క్‌మెన్ తెగ మనిషి. పదేళ్ళ క్రితం వచ్చి ఇక్కడే పౌరుడయ్యాడు.

"ఆ రోజు ఏం చేస్తున్నారు?" అని అడిగాను.

"గోధుమ కోస్తున్నాం. పై చేలో. నేనూ, మా తమ్ముడు నబీ."

"నబీ రైతా?"

"పంతులు. ఆడపిల్లలకి చదువు చెప్పేవాడు. మానెయ్యమని రెండుసార్లు చీటీ వచ్చింది. మానలేదు. కోత రోజులు కదా, బడికి సెలవు. నాకు సాయమొచ్చాడు."

"తర్వాత?"

"మూడు మోటారుసైకిళ్ళు వచ్చాయి. ఆరుగురు. నేను పనల వెనక ఉన్నాను. కట్టిన పనలు నా అంత ఎత్తున్నాయి. నబీ పేరు పెట్టి పిలిచారు. వాడు కొడవలి కింద పెట్టి నిలబడ్డాడు. రెండుసార్లు కాల్చారు. ఇంకొకడేడీ అని అడుగుతున్నారు. నేను పనల కింద దూరాను."

"తేదీ గుర్తుందా?"

"సుంబుల నెల ఇరవై అయిదు."

అతావుల్లా లెక్కకట్టి చెప్పాడు: "సెప్టెంబరు పదహారు, మేడం."

నేను కలం ఆపాను. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్న కోత మిషను నడిపేవాడు. ఇంజనీర్లూ డాక్టర్లూ ఉన్న ఇల్లు కాదు మాది. ప్రపంచంలో నాకు ఖాయంగా తెలిసింది ఒక్కటుంటే అది గోధుమ. మే ఆఖరి వారంలో మా చుకురోవలో మొదటి గింజ రాలుతుంది. జూన్ మధ్యకి పొలమంతా మోళ్ళే. నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఈ మనిషేమో సెప్టెంబరు అంటున్నాడు.

గోడమీది పటం చూశాను. బామియాన్ మా ఊరికన్నా దక్షిణాన ఉంది. దక్షిణమంటే ఎండ ఎక్కువ. ఎండ ఎక్కువైతే పంట ముందే రావాలి.

"సెప్టెంబరులోనా గోధుమ కోత?" అన్నాను.

అతావుల్లా ఆ మాటని అటు చేర్చాడు. సఖీదాద్ నన్ను చూశాడు. నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు, చంటిపిల్ల ఏదో అడిగితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "అవును, సుంబులలోనే" అన్నాడు.

నేను రాసుకున్నాను: "తమ్ముడి మరణం గురించి అడుగుతుండగా దరఖాస్తుదారుడు నవ్వెను."

అతావుల్లా బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

జులైలో నిర్ణయం రాశాను. కోత అబద్ధమైతే చేలో ఉండడం అబద్ధం. చేలో ఉండడం అబద్ధమైతే చావు చూడడం అబద్ధం. ఒక్క ఇటుక లాగితే గోడంతా పడింది. రాసేటప్పుడు, నిజం చెప్తున్నాను, ఒళ్ళు తేలికైంది. రెండేళ్ళలో మొదటిసారి, నాకు సొంతంగా తెలిసిన దాంతో ఒక ఫైలు తేల్చాను కదా అని.

ఆగస్టు అయిదు, మంగళవారం. ఫైలున్నవాళ్ళు వారం వారం వచ్చి వేలిముద్ర వెయ్యాల్సిన రోజు. కాగితం నేనే ఇచ్చాను. అతావుల్లా చదివి వినిపించాడు: తిరస్కరణ, ముప్పై రోజుల్లో కోర్టుకి అర్జీ పెట్టుకోవచ్చు, పెట్టకపోతే పంపివేత. సఖీదాద్ అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఏది అబద్ధమైందంట?"

"కారణాలు కాగితంలో ఉన్నాయి" అన్నాను. అలాగే అనాలి. కాగితం మా భాషలో ఉంది. అతావుల్లా చదివి వినిపించవలసింది నిర్ణయం మాత్రమే, కారణాలు కాదు. అదీ రూలే.

ఇక కోర్టుకా? ఊళ్ళో కోర్టుంది కానీ ఇలాంటి కేసులు చూసే వకీలు లేడు, పక్క జిల్లాకి పోవాలి. ఊరు దాటాలంటే మా ఆఫీసు అనుమతి కావాలి. అనుమతికి అర్జీ పెడితే రెండు వారాలు. ఇదంతా ఎవరో కూర్చుని కుట్ర పన్ని పెట్టింది కాదు. ఒక్కో రూలూ ఒక్కో కారణంతో వచ్చింది. అన్నీ కలిసేసరికి బయటికి దారి లేని గది తయారైంది. దాని తాళం నా చేతిలో ఉంది, ఉందని నాకే తెలియదు.

ఆగస్టు ఇరవై ఏడున మా పైఅధికారి తుర్హాన్ సెలవులో ఉన్నాడు. ఆ వారం ఇన్‌ఛార్జి నేను. మా ఆఫీసులో టీ ఇచ్చే దుర్సున్ ఒక కాగితం తెచ్చి బల్లమీద పెట్టాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. చక్కెర గడ్డ దవడన బిగించి టీ తాగుతాడు. మాట్లాడేటప్పుడు కూడా అది దవడలోనే ఉంటుంది.

"సంతకం పెట్టు తల్లీ. రెండు వారాలు సెలవు."

చూశాను. సెప్టెంబరు ఎనిమిది నుంచి ఇరవై ఒకటి. కారణం అన్న గడిలో రాసి ఉంది: కోత.

"ఏం కోత?" అన్నాను.

"ఏం కోతంటే? గోధుమ. మరి ఇక్కడ అరటి పండుద్దా?"

"సెప్టెంబరులోనా?"

"మరి ఎప్పుడు? మాది పై ఊరమ్మా. ఇంకా పచ్చిగానే ఉంది. పదిరోజుల్లో పసుపుకి తిరుగుద్ది. మంచు పడేలోపు కొయ్యాలి, లేకపోతే గొడ్లు కూడా తినవు." దవడలో గడ్డ ఆ పక్క నుంచి ఈ పక్కకి మార్చాడు. "రెండేళ్ళయింది కదా వచ్చి. కిటికీలోంచి ఎప్పుడూ కొండకేసి చూళ్ళేదా?"

చూళ్ళేదు. నా కిటికీ అద్దం కింది సగానికి తెల్లరంగు వేయించారు, లోపలున్నవాళ్ళు బయటికి కనబడకూడదని. పై సగంలోంచి చూడాలంటే లేచి నిలబడాలి. నేను లేచి నిలబడేది ఇంటికి పోవడానికే.

"నీకు ఒంట్లో బాగాలేదా?" అన్నాడు దుర్సున్. "మొహం అలా అయిందేం?"

"బానే ఉన్నాను అన్నా" అని సంతకం పెట్టాను. రెండేళ్ళలో అతన్ని అన్నా అని పిలవడం అదే మొదలు. ఇద్దరికీ ఇబ్బందిగా అనిపించింది. అతను టీ గ్లాసు ఊరికే తుడిచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మా నాన్నకి ఫోన్ చేశాను. మామూలుగా ఆదివారం చేస్తాను, బుధవారం చేసేసరికి భయపడ్డాడు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. ఒక్కటి చెప్పు నాన్నా. నువ్వు జూన్‌లో మన కోతయ్యాక మిషను తీసుకుని పైకి పోయేవాడివి కదా. మా బళ్ళు తెరిచాక ఎప్పుడో వచ్చేవాడివి. అన్నాళ్ళు ఎక్కడుండేవాడివి?"

"కోతలో."

"ఎక్కడి కోత? మన కోత అయిపోయింది కదా."

నాన్న నవ్వాడు. అదే నవ్వు. చంటిపిల్లని చూసి నవ్వినట్టు. "పిచ్చిదానా, పంట మెట్లెక్కినట్టు కొండెక్కుద్ది. జూన్‌లో మనకి, జులైలో కోన్య పీఠభూమి, ఆగస్టులో సివాస్, సెప్టెంబరుకి నువ్వున్న చోటికి వచ్చేవాళ్ళం. మీ ఊరి పక్క లోయలో ఎన్నిసార్లు పడుకున్నానో మిషను కింద. చలికి పళ్ళు టకటకలాడేవి."

"నేను గడ్డి తోలడానికి పోతావనుకున్నా."

"నువ్వెప్పుడూ అడగలేదు కదమ్మా."

ఫోన్ పెట్టేశాను. నాన్న పదిహేనేళ్ళు ప్రతి సెప్టెంబరూ గోధుమ కోసి, ఆ కూలితో నన్ను చదివించాడు. ఆ చదువుతో నేను సెప్టెంబరులో గోధుమ ఉండదని రాశాను.

మర్నాడు అతావుల్లాని ఆపాను. తలుపు మూశాను.

"సఖీదాద్ ఫైలు. కోత సంగతి. ఆ కొండల్లో సెప్టెంబరులోనే కోస్తారా?"

"కోస్తారు మేడం. కిందోళ్ళం మా చేలు అయ్యాక కూలికి పైకి పోయేవాళ్ళం. మా నాన్న ప్రతి ఏడూ పోయేవాడు."

"ఫిబ్రవరిలో తెలుసా నీకిది?"

"పుట్టినప్పట్నుంచీ తెలుసు."

"మరి నోరు తెరవలేదేం?"

అతను నన్ను సూటిగా చూశాడు. అంతకుముందెప్పుడూ అలా చూడలేదు. "నేను చేరిన మొదటి నెల ఒకరి విషయంలో చెప్పబోయాను. మీరేమన్నారో గుర్తుందా? 'అడిగింది అటు చెప్పు, చెప్పింది ఇటు చెప్పు, నీ మాట కలపకు, నువ్విక్కడ లేవనుకో' అన్నారు. లేను కదా మేడం మరి. లేనివాడు ఎలా చెప్తాడు?"

మూసిన తలుపు నేనే తీశాను.

సోమవారం, సెప్టెంబరు ఒకటి, తుర్హాన్ వచ్చాడు. సముద్రం ఒడ్డున ఎండకి ముక్కు తోలు ఊడింది. నేను రాసిన కాగితం ముందు పెట్టాను: నిర్ణయంలో నా వల్ల తప్పు జరిగింది, వెనక్కి తీసుకోవలసినది.

చదివాడు. "ఏం మేలిహా, వ్యవసాయ శాఖకి మారుతున్నావా?"

"సార్, గురువారంతో ముప్పై రోజులు. అతను కోర్టుకి పోలేదు."

"పోకపోతే అది అతని కర్మ. పోతే కోర్టు చూసుకుంటుంది. కోర్టున్నదెందుకు?"

"కోర్టు ఫైలే చూస్తుంది. ఫైల్లో నేను రాసిందే ఉంది."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్ళైతే పని తేలిక. "చూడమ్మా. నీవి ఇక్కడ ఎన్ని నిర్ణయాలు?"

"నాలుగువందల పదకొండు."

"ఒక్కదాంట్లో నువ్వే తప్పని రాసిస్తే, మిగతా నాలుగొందల పదీ ఎవరు నమ్ముతారు? అన్నీ తవ్వుతారు. నిన్నూ తవ్వుతారు, నన్నూ తవ్వుతారు." కాగితం నా వైపు జరిపాడు. "జనవరిలో బదిలీల జాబితా. మూడేళ్ళు నిండకపోయినా నీ పేరు పైన రాసి పంపాను, చుకురోవ అని. మీ అమ్మ చేతి వంట తిను. కళ్ళ కింద నల్లగా అయింది చూడు. ఈ ఊరు నిన్ను తినేసింది. నాలుగు నెలలు నోరు మూసుకుని కూర్చో."

"సంతకం పెట్టరా సార్?"

"ఏ సంతకం? నేనీ కాగితం చూడనేలేదు."

గదిలోకి వచ్చి కూర్చున్నాను. చుకురోవ. నారింజతోటల వాసన. రొట్టెల కొట్లో నన్ను పేరుతో పిలిచే మనుషులు. రెండేళ్ళుగా రోజులు లెక్కపెట్టుకున్నది దానికోసమే. ఆ మధ్యాహ్నం నేను లెక్క వేసుకోలేదని అబద్ధం చెప్పను. వేసుకున్నాను. గంటసేపు. సంచిలో కాగితం పెట్టుకుని ఇంటికి పోదామని కూడా లేచాను.

లేచి నిలబడ్డాను కదా, అద్దం పై సగంలోంచి కొండ కనిపించింది. పైన పచ్చ, మధ్యలో లేత పసుపు, కింద పండిన పసుపు. మెట్లు మెట్లుగా. నాన్న చెప్పినట్టే.

మా ఆఫీసులో ఒకటుంది. పైఅధికారి సంతకం లేని కాగితం పనిచెయ్యదు. కానీ రిజిస్టరులో ఎక్కి నంబరు పడ్డ కాగితం చావదు. దాన్ని చింపడానికి లేదు, తియ్యడానికి లేదు. కోర్టు ఫైలడిగితే దాంతో పాటు పోవాల్సిందే. తుర్హాన్‌కి ఇది నాకన్నా బాగా తెలుసు, అందుకే చూడలేదన్నాడు. నేను నమోదు గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్ళి, "ఇది ఎక్కించు" అన్నాను. ఆమె చదివింది. నా మొహం చూసింది. మళ్ళీ చదివింది.

"ఎక్కిస్తే వెనక్కి రాదు మేలిహా గారూ."

"తెలుసు."

ముద్ర వేసింది. నంబరు రాసింది. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది, వీధి తలుపు మూసినట్టు.

మర్నాడు మంగళవారం. వేలిముద్రల వరుస మెట్ల మీదిదాకా ఉంది. సఖీదాద్ మధ్యలో ఉన్నాడు, కోటుకి గడ్డిపరకలు అంటుకుని ఉన్నాయి. నేను అతావుల్లాని వెంటబెట్టుకుని నేరుగా వరుస దగ్గరికి వెళ్ళాను. అంతమందీ మాటలు ఆపారు. అలవాటే.

"ఏది అబద్ధమైందని అడిగారు. గోధుమ. సెప్టెంబరులో గోధుమ కొయ్యరనుకున్నాను. నాకు తెలియక రాశాను. తప్పు నాది. ఇదిగో, ఒప్పుకున్న కాగితం నకలు. ఎల్లుండిలోపు కోర్టుకి అర్జీ పెట్టాలి."

అతావుల్లా చెప్పాడు. నా కంటే ఎక్కువ మాటలు చెప్పాడనిపించింది. నేను ఆపలేదు.

సఖీదాద్ కాగితం తీసుకోలేదు. "గోధుమా?" అన్నాడు. ఇంకోసారి, "గోధుమా?" అన్నాడు. తర్వాత నవ్వాడు. ఫిబ్రవరి నవ్వు కాదిది. వరుసలో ముందున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"మా ఊళ్ళో గాడిదకి తెలుసు అధికారమ్మా, గోధుమ ఎప్పుడు కోస్తారో."

"అవును."

"నెలరోజులు నిద్రలేదు నాకు. ఏమనుకున్నానో తెలుసా?" గొంతు తగ్గించాడు, కానీ అతావుల్లా తగ్గించలేదు, తగ్గించడం అతని పని కాదు. "తమ్ముణ్ణి చంపుతుంటే అన్న గడ్డి కింద దాక్కుంటాడా, ఏ అన్నా దాక్కోడు, అందుకే ఈమె నమ్మలేదు అనుకున్నాను. నిజమే కదా అనుకున్నాను. నేనే ఆమె కుర్చీలో ఉంటే నమ్మేవాణ్ణా? నమ్మను. అందుకే కోర్టుకి పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోను?"

నేను ఏదో అనాలి. "దాక్కున్నందుకు కాదు" అన్నాను. "నేను రాసిన కారణాల్లో ఆ మాటే లేదు."

అతను అప్పుడు కాగితం తీసుకున్నాడు. మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. కృతజ్ఞతలు చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? కాలు తొక్కినవాడు కాలు తీస్తే దణ్ణం పెడతామా?

బుధవారం, వకీలు కోసం పోయే టైము లేక, కోర్టు ముందు అర్జీలు రాసే ముసలి ఇస్కెందర్ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. పెద్ద గొడుగు కింద టైపు మిషనుతో కూర్చుంటాడు. నన్ను గుర్తుపట్టాడు. ఊరంతా గుర్తుపడుతుంది.

"నువ్వు రాసినదాని మీద నువ్వే అర్జీ రాయిస్తున్నావా?" అన్నాడు. "నలభై ఏళ్ళుగా ఈ గొడుగు కింద ఉన్నాను. గొర్రెపిల్ల తరఫున తోడేలు రావడం ఇదే చూడ్డం."

"రాయి తాతా. టైమవుతోంది."

"రాస్తాలే. తోడేలు చెప్తుంటే కాదనగలనా?" అని వేళ్ళు విరుచుకున్నాడు. సఖీదాద్ చెప్పాడు, అతావుల్లా మార్చాడు, ముసలాయన టైపు కొట్టాడు. కోత దగ్గర ఆగి, "పై ఊళ్ళలో సెప్టెంబరేగా, దీంట్లో తగాదా ఏముంది?" అన్నాడు. బజారంతా కొట్ల గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది.

కోర్టు నవంబరులో పంపివేత ఆపింది. జనవరిలో నా నిర్ణయం కొట్టేసింది. తీర్పులో రిజిస్టరు నంబరుతో సహా నా కాగితం ఉంది. వేరే ఊరి అధికారి వచ్చి సఖీదాద్‌ని మళ్ళీ విచారించాడు. ఉండవచ్చని కాగితం వచ్చింది. మంగళవారాలు వచ్చి వేలిముద్ర వేసి పోతాడు. నా గది తలుపు తెరిచే ఉంటుంది. అటు చూడడు. చూడాల్సిన పని అతనికి లేదు.

బదిలీల జాబితాలో నా పేరు లేదు. తుర్హాన్ నాతో మాట్లాడ్డం మానేశాడు, ఏదైనా ఉంటే చీటీ రాసి పంపుతాడు. ఆఫీసులో మిగతావాళ్ళు నేను వస్తే ఫైళ్ళు మూస్తారు. ఇప్పుడు నేను బయటివాళ్ళకీ కాగితమ్మనే, లోపలివాళ్ళకీ కాగితమ్మనే. రొట్టెల కొట్లో మాటలు ఇప్పటికీ ఆగుతాయి. ఒకావిడ మాత్రం ఈ మధ్య తల ఊపుతోంది. అంతవరకే.

మిగతా నాలుగువందల పది ఫైళ్ళనీ ఎవరూ తవ్వలేదు. ఎవరికీ అంత తీరిక లేదు. నేనే తవ్వుతున్నాను. శనివారం పొద్దున్నే ఆఫీసు తెరిపించి, ఒక్కొక్కటి. వాళ్ళు చెప్పింది చదవను. నేను రాసింది చదువుతాను. "సహజంగా", "ఎవరైనా", "అందరికీ తెలిసినదే" అన్న మాటలెక్కడున్నాయో అక్కడ ఆగుతాను. తప్పు దొరికితే ఒప్పుకోలు రాసి, రిజిస్టరులో ఎక్కించి, నకలు ఆ మనిషి చిరునామాకి పంపుతాను. ఇప్పటికి ఆరు పంపాను. అయిదు తిరిగొచ్చాయి. "ఈ చిరునామాలో లేరు" అని తపాలావాడు అడ్డంగా గీసిన గీతతో. వాళ్ళెక్కడున్నారో నాకు తెలుసు, లేదా తెలుసుకోవడానికి భయం. ఆరోది ఇంకా రాలేదు.

పోయిన శనివారం ఏడోది తెరిచాను. ఒక తల్లి ఫైలు. నేను రాసిన వాక్యం: "బిడ్డ పుట్టిన తేదీని ఏ తల్లీ మరచిపోదు." నాకు పిల్లలు లేరు.

దుర్సున్ పొయ్యిలో బొగ్గు వేస్తున్నాడు. శనివారం అతను రానక్కర్లేదు. చలికి పైపులు పగులుతాయని వంక పెట్టి వస్తాడు.

"అన్నా, మీ పెద్దమ్మాయి పుట్టిన తేదీ ఎప్పుడు?"

"కార్డులో జనవరి ఒకటి అని ఉంటది. తేదీ తెలియనోళ్ళందరికీ అదే రాస్తారు."

"కార్డులోది కాదు. నిజంది. వదిననడిగితే ఏం చెప్తుంది?"

ఆలోచించాడు. చక్కెర గడ్డ ఆ దవడ నుంచి ఈ దవడకి మారింది. "ఎర్రావు ఈనిన వారం అంటది. మంచు కిటికీదాకా ఉందంటది."

"తేదీ చెప్పదా?"

"తేదీతో ఆవిడకేం పని తల్లీ? పిల్ల పుట్టింది, అది గుర్తుంది. చాలదా?"

కాగితం తీసుకున్నాను. ఫైల్లో ఆ తల్లి చిరునామా ఉంది. అక్కడ ఆమె లేదని నాకు తెలుసు. అయినా కవరు మీద ముందు ఆ చిరునామానే రాశాను, తర్వాత లోపలి కాగితం మొదలుపెట్టాను.